ప్రాక్సీ ముక్కు

శనివారం పొద్దున సదాశివరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య రేవతి పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీకి బయల్దేరగానే కొడుకు దీపు ముక్కుకి మాస్కు తగిలించాలి. వాణ్ని మధ్యాహ్నం దాకా నిద్రపుచ్చాలి. ఆ తర్వాత తను సోఫాలో వాలి పేపరు చదువుకోవాలి. చివరికి ఈ మూడింటిలో ఒక్కటీ జరగలేదు గానీ, ఇంట్లో ఎవరో ఒకరు మాత్రం బ్రహ్మాండంగా నిద్రపోయారు.

దీపుకి ఎనిమిదేళ్లు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుండేది. ఆగినప్పుడల్లా ఉలిక్కిపడి కదిలేవాడు, తెల్లారేసరికి రాత్రంతా మూటలు మోసినవాడిలా లేచేవాడు, లెక్కల పీరియడ్‌లో బల్ల మీద తలపెట్టి పడిపోయేవాడు. టాన్సిల్స్ తీయించారు. కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. చివరికి ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో డాక్టర్ బెహల్ అనే ఆవిడ ఒక మెషీన్ ఇచ్చింది. టిఫిన్ డబ్బా అంత పెట్టె, దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకి తగిలించే మాస్కు. అందులోంచి వచ్చే గాలి గొంతుని మూసుకుపోనివ్వదు. ఎంత గాలి తోయాలో పడుకున్న మనిషి ఊపిరిని బట్టి మెషీనే తేల్చుకుంటుంది. ఎంతసేపు వాడారో, లోపల ఏం జరిగిందో ఒక చిన్న కార్డులో దాచుకుంటుంది.

మెషీన్ ఊరికే ఇవ్వలేదు. ఆసుపత్రిలో ఉన్నవే కొన్ని, ఎదురుచూసే పిల్లలు బోలెడు. సోమవారం కార్డు చూస్తానని, రోజుకి కనీసం నాలుగు గంటలైనా వాడకపోతే మెషీన్ ఇంకో బాబుకి వెళ్లిపోతుందని శుక్రవారం చేతికిస్తూనే డాక్టర్ చెప్పింది. అసలు ఇంత త్వరగా చేతికి రావడం కూడా కింద ఫ్లాట్‌లో ఉండే సరళకుమారి చలవే. బాపట్ల నుంచి వచ్చి ఆ ఆసుపత్రిలోనే నర్సుగా స్థిరపడ్డ ఆవిడ, డాక్టర్ దగ్గర గట్టిగా పూచీ పడింది. "మా అన్నయ్యగారి సంగతి మీకు తెలీదు మేడమ్. ఆఫీసులో ఒకడి బదులు ఇంకొకడు కార్డు గుద్దితే మెమో ఇచ్చే మనిషి. ఆయనింట్లో లెక్క తప్పదు," అందట.

అది నిజమే. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరైన సదాశివరావు పనే హాజరు చూడటం. ఆఫీసు గుమ్మంలో పంచింగ్ మెషీన్ పెట్టిన కొత్తలో, ఆలస్యంగా వచ్చే స్నేహితుడి కార్డు కూడా తనే గుద్దేసిన కనకయ్య అనే గుమస్తాని పట్టుకుని మెమో ఇచ్చాడు. "యంత్రాన్ని మోసగించుట ప్రభుత్వాన్ని మోసగించుటయే" అన్న వాక్యం అందులో ఉంది. అది తనకి ఎంత నచ్చిందంటే ఇంటికొచ్చి రేవతికి రెండుసార్లు చదివి వినిపించాడు.

శనివారం నాటికి దీపు ముక్కు మీద మాస్కు నిలిచిన సమయమంతా కూడితే ఒక కోడిగుడ్డు ఉడకదు. ఆ కాస్తా కూడా వాడు గుక్కపట్టి ఏడ్చిన సమయమే.

"రా నాన్నా, ఏనుగు మాస్కు పెట్టుకుందాం. చూడు, తొండం ఎంత పొడుగుందో."

"నహీ పాపా. చప్పల్ కీ స్మెల్ ఆతీ హై."

సదాశివరావు వాసన చూశాడు. వాడన్నదీ నిజమే, కొత్త చెప్పుల కొట్టు వాసన. బతిమాలాడు. బెదిరించాడు. సాయంత్రం ఇండియా గేట్‌కి తీసుకెళ్తానన్నాడు. వాడు పరుపు కిందకి దూరాడు. పరుపు కిందున్న వాడికి ధైర్యం చెప్పడం కోసం, డబ్బాలో ఉన్న పెద్ద సైజు మాస్కు తీసి తన ముక్కుకే తగిలించుకుని మెషీన్ నొక్కాడు. గాలి మెత్తగా లోపలికి వచ్చింది. పెట్టె మీద చిన్న అంకెలు కదలడం మొదలెట్టాయి.

ఆ అంకెల వైపు చూస్తుండగా, జీవితమంతా హాజరుపట్టీల మధ్య బతికిన అతని బుర్రలో ఒక దిక్కుమాలిన ఆలోచన పుట్టింది. ముక్కు ఎవరిదైతే మెషీన్‌కేం? దానికి కావలసింది గంటలు. సోమవారం గట్టెక్కితే మెషీన్ ఇంట్లో ఉంటుంది. మెషీన్ ఇంట్లో ఉంటే పిల్లాడు మెల్లగా అలవాటు పడతాడు. తను చేసేది మోసం కాదు, గడువు పొడిగింపు. కనకయ్య కూడా ఆరోజు సరిగ్గా ఇలాంటి మాటే అన్నాడని గుర్తొచ్చింది గానీ, దాన్ని పక్కకి తోసేశాడు.

"దీపూ, మమ్మీకి చెప్పకు."

పరుపు కింద కాసేపు బేరం గురించిన ఆలోచన సాగింది. "ఠీక్ హై. రిమోట్ మేరా."

సదాశివరావు సోఫాలో వాలి పేపరు తెరిచాడు. మొదటి వార్తలో మొదటి వాక్యం చివరిదాకా వెళ్లలేదు. కళ్లు తెరిచేసరికి ఎండ బాల్కనీ దాటి వెళ్లిపోయింది. దీపు బ్రెడ్డూ జామూ తిని, కార్టూన్లన్నీ చూసి, రిమోట్‌ని ఒళ్లో పెట్టుకుని తండ్రి ముఖంలోకే తేరిపార చూస్తున్నాడు.

అతనికి తన ఒళ్లు తనది కానట్టనిపించింది. ఏళ్ల తరబడి తల మీద ఎవరో తడిగోనె కప్పి ఉంచినట్టుండేది. ఆఫీసులో మీటింగంటే కునుకు, బస్సులో కునుకు, ఒకసారి జాయింట్ సెక్రటరీ తనని ఏదో అడుగుతుంటే ఆయన ముఖం చూస్తూనే కునుకు. ఢిల్లీ ఎండల వల్ల కొంత, రాజ్మా అన్నం వల్ల కొంత అని సర్దుకుపోయేవాడు. గురకంటారా, ఆ వంశంలో గురక పెట్టనివాణ్ని మగాడిగా లెక్కే వేయరు. ఇప్పుడు ఆ గోనె ఎవరో తీసి ఆరేసినట్టుంది. లేచి గిన్నెలు కడిగాడు. నెలరోజులుగా కారుతున్న కొళాయి బిగించాడు. బట్టలు మడతపెడుతూ కూనిరాగం తీశాడు.

రేవతి ఇంటికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏమండీ, ప్రమోషన్ గానీ వచ్చిందా?"

"దీపు పడుకున్నాడు," అన్నాడు. అది పూర్తిగా అబద్ధం కాదు, ఏదో ఒక రోజు పడుకునే ఉంటాడు.

ఆవిడ మెషీన్ మీద అంకెలు చూసింది. దాదాపు ఏడు గంటలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రాత్రి కూడా పెడదామంటే, పగలంతా పెట్టుకున్నవాణ్ని మరీ విసిగించకూడదని సదాశివరావు పిల్లల వైద్యం ఔపోసన పట్టినవాడిలా సలహా ఇచ్చాడు.

ఆదివారం రేవతి మళ్లీ డ్యూటీకి వెళ్లింది. ఈసారి అతను దీపుని బతిమాలలేదు. ఆవిడ లిఫ్టు కిందికి చేరేలోపే మాస్కు ముక్కు మీదుంది. మధ్యలో దీపు రెండుసార్లు వచ్చి భుజం తట్టి ఏదో అడిగాడు. "తర్వాత, నాన్నా" అన్నట్టు సదాశివరావు చెయ్యి ఊపి అటు తిరిగి పడుకున్నాడు. తను చేస్తున్నది త్యాగమని అప్పటికింకా నమ్మకంగానే ఉంది.

సోమవారం దీపుని బడికి పంపి భార్యాభర్తలిద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టర్ బెహల్ కార్డుని కంప్యూటర్‌లో పెట్టి మొదట నవ్వింది. గంటలు బాగున్నాయంది. పక్కనే నిలబడ్డ సరళకుమారి, నే చెప్పలేదా అన్నట్టు చూసింది. తర్వాత డాక్టర్ నవ్వు ఆగింది. కళ్లజోడు సర్దుకుంది. ఇద్దరు కుర్ర డాక్టర్లని పిలిచింది. ముగ్గురూ తెరకి ముఖాలానించి చూశారు.

ఆవిడ ఇంగ్లీషులో మెల్లగా చెప్పిన దాని సారం ఇది. ఊపిరి మాటిమాటికీ ఆగుతోంది. మెషీన్ పాపం గాలి పెంచుతూ పెంచుతూ తన హద్దు దాకా వెళ్లింది, అయినా ఆ గొంతుని అదుపు చేయలేకపోయింది. ఇంత చిన్న పిల్లాడిలో ఇలాంటిది తనెప్పుడూ చూడలేదు. మెషీన్ పాడైందేమో పరీక్షకి ఇక్కడే ఉంచాలి. గురువారం పగలే పిల్లాణ్ని వైర్లు పెట్టి పడుకోబెట్టి చూడాలి. సర్జన్‌ని కూడా రమ్మంటానంది.

సర్జన్ అన్న మాటకి రేవతి కుర్చీ చెయ్యి పట్టుకుంది. సదాశివరావు మాత్రం తెర మీద కొండల్లా లేచిన గీతల్ని చూస్తున్నాడు. పిల్లాడివి కావని అతనికి తెలుసు. పిల్లాడివి కాకపోతే మరెవరివి? హత్య చేసినవాడు పారిపోతూ వెనక్కి తిరిగి చూస్తే, కింద పడున్నది తనే అయితే ఎలా ఉంటుందో అతనికి ఆ క్షణంలో తెలిసింది.

అప్పుడే చెప్పేసి ఉండవచ్చు. నోరు తెరిచాడు కూడా. కానీ సరళకుమారి అతని పక్షాన డాక్టర్‌కి హామీ ఇస్తోంది, ఏ పరీక్షకైనా ఈయన నిష్ఠగా తీసుకొస్తారని. తెరిచిన నోటితో కాస్త మంచినీళ్లు అడిగాడు.

ఇందిరాపురంలోని ఇంటికి తిరిగొచ్చే ఆటోలో రెండో ప్రయత్నం చేశాడు. "రేవతీ, ఆ రెండు రోజులూ..."

"నాకు తెలుసండీ," అందావిడ అతని భుజం మీద తల వాల్చి. "రెండు రోజులూ మీరెంత ఓపిగ్గా వాడి పక్కన కూర్చున్నారో. మిమ్మల్ని ఇన్నాళ్లూ బద్ధకస్తుడనుకున్నాను. నన్ను క్షమించండి."

పెళ్లయిన పన్నెండేళ్లలో ఆవిడ అతనికి క్షమాపణ చెప్పడం అదే మొదలు. దాన్ని మధ్యలో ఆపే గుండె అతనికి లేదు.

ఇంటికి రాగానే రేవతి ఏలూరులో ఉన్న తల్లి నాగమల్లేశ్వరికి ఫోన్ చేసింది. ఆవిడ ఫోన్ పెట్టకముందే ద్వారకాతిరుమల చిన వెంకన్నకి మొక్కేసింది, మనవడు గండం గట్టెక్కితే అల్లుడి తలనీలాలు ఇప్పిస్తానని. సదాశివరావుకి ఆస్తి అని చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అది జుట్టే. నలభై మూడేళ్లకీ రంగు అవసరం రాని ఒత్తు క్రాఫు. ఫోన్ అందుకుని, మొక్కుకున్న మనిషే ఇస్తే స్వామికి ఇంకా ప్రీతి కదా అత్తయ్యగారూ అన్నాడు.

"నాకున్నవి నాలుగు వెంట్రుకలు బాబూ. దేవుడికి అలాంటివి ఇస్తే బాగుండదు. నేను ఏపీ ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరుతున్నా," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

సరళకుమారి తన చర్చిలో ఆడవాళ్లతో ఉపవాస ప్రార్థన పెట్టించింది. ఆఫీసులో గురువారానికి సెలవు పెట్టగానే కనకయ్యకి వాసన తగిలింది. మెమో తిన్న కోపం మనసులో ఉంచుకోని మంచివాడు కనకయ్య. సర్జన్ అనే మాట వినగానే సెక్షన్లన్నీ తిరిగి రక్తం ఇచ్చేవాళ్లని పోగుచేశాడు. వద్దని చెప్పబోతే, "మీరు మొహమాటపడకండి సార్, మనకి మనం కాకపోతే ఈ ఊళ్లో ఎవరున్నారు?" అన్నాడు. ఈ మాటతో సదాశివరావు మూడో ప్రయత్నం కూడా ముగిసింది.

ఇక గురువారం పొద్దున్నే డాక్టర్ గదికి వెళ్లి, తలుపు వేసి, అంతా చెప్పేయాలని తీర్మానించుకున్నాడు. పరీక్షలో నిద్ర రావాలంటే పిల్లాణ్ని తెల్లవారుజామునే లేపి మెలకువగా ఉంచమన్నారు. ఆ పని తండ్రి మీద పడింది. మెషీన్ లేక మూడు రాత్రులుగా పాత గోనె మళ్లీ తల మీదికి చేరింది. చీకటితో లేచి దీపుకి చదరంగం నేర్పుతూ, తన ఏనుగుని తనే చంపుకుంటూ, ఎలాగోలా ఆసుపత్రికి చేరాడు.

వరండాలో ఒక పక్క చర్చి ఆడవాళ్లు కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నారు. ఇంకో పక్క సగం ఆఫీసు చొక్కా చేతులు మడిచి నిలబడింది. వీళ్లందరికీ ఇవాళ హాజరు వేయాలా వద్దా అన్న ప్రశ్న రేపు తన బల్ల మీదికే వస్తుంది. మధ్యలో రైలు దిగి నేరుగా వచ్చిన నాగమల్లేశ్వరి అల్లుడి జుట్టు వైపు, కాయ పండిందా లేదా అన్నట్టు చూసింది.

డాక్టర్ ఇంకో వార్డులో ఉందన్నారు. సరళకుమారి దీపుని ఒక చిన్న గదిలో మంచం ఎక్కించి, తలకీ ఛాతీకీ వైర్లు అంటిస్తూ, "డాక్టరుగారు వచ్చేస్తారు, మీరు కాసేపు కూర్చోండి అన్నయ్యగారూ," అని పక్కనున్న కుర్చీ చూపించింది. వెనక్కి వాలే కుర్చీ. డాక్టర్‌తో అనాల్సిన మొదటి వాక్యం మనసులో కూర్చుకుంటూ సదాశివరావు అందులో కూర్చున్నాడు. డాక్టర్‌గారూ, ఒక చిన్న పొరపాటు...

కళ్లు తెరిచేసరికి చుట్టూ జనం. డాక్టర్ బెహల్ చేతి గడియారం వైపూ అతని ఛాతీ వైపూ మార్చి మార్చి చూస్తోంది. వెనక రేవతి, ఆమె వెనక అత్తగారు, తలుపు సందులోంచి కనకయ్య. ఎవరి ముఖంలోనూ దుఃఖం లేదు. అదే అతన్ని భయపెట్టింది.

ఏం జరిగిందో తర్వాత సరళకుమారి చెప్పింది. సదాశివరావు కూర్చున్న కాసేపటికే గురక మొదలైంది. వరండాలో ప్రార్థన ఆగిపోయింది. డాక్టర్ వచ్చింది, కొత్త చోట పిల్లలు మాస్కు వద్దని ఏడుస్తారని, దీపుని పట్టుకోవడానికి ఇద్దరు నర్సులని కూడా తెచ్చింది. వాడు ఏడవలేదు. తనే చెయ్యి చాపి చిన్న మాస్కు లాక్కుని, ఎవరూ నేర్పకుండానే పట్టీలు బిగించుకుని, తండ్రి వైపు ఒక్కసారి చూసి, ఎవరైనా మళ్లీ గుంజుకుంటారేమో అన్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎవరు నేర్పారు బేటా అని డాక్టర్ అడిగింది.

"పాపా కో దేఖ్ కే," అన్నాడు వాడు. "వో సారా దిన్ పెహన్‌కే సోతే హై. సాటర్‌డే భీ, సండే భీ. మైనే దో బార్ మాంగా. నాకు ఇవ్వలేదు."

నాన్న రెండు రోజులూ అది పెట్టుకునే పడుకున్నాడని, తను రెండుసార్లు అడిగానని. చివరి రెండు మాటలు మాత్రం తెలుగులో ఎందుకన్నాడో తెలియదు. అమ్మమ్మకి కూడా అర్థం కావాలని కాబోలు.

డాక్టర్ బెహల్ గడియారం మీంచి చూపు మరల్చింది. "సదాశివరావ్ జీ, సోమవారం నుంచీ నేను వెతుకుతున్న పేషెంట్ మీరు. ఇప్పుడు కూర్చున్నంతసేపట్లోనే మీకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో తెలుసా?" అంది హిందీలో. అతను తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో క్షమాపణ వెతుక్కుంటుండగా ఆవిడ గొంతు తగ్గించింది. "మీ లెక్క నమ్మి, మీకు సరిపోయే గాలి ఇవాళ ఆ చిన్న గొంతులోకి పంపబోయాను. అది గుర్తుపెట్టుకోండి."

సదాశివరావు మంచం వైపు చూశాడు. ఈ గొడవంతా దాటి దీపు నిద్రపోతున్నాడు. నోరు మూసుకుని ఉంది. ఛాతీ ఒకే తీరుగా లేచి పడుతోంది. ఉలికిపాటు లేదు, పొర్లడం లేదు. కొడుకు అలా పడుకోగా చూడటం అతనికి అదే మొదటిసారి. తను బతిమాలినంతసేపూ వద్దన్న మాస్కుని, తను లాక్కున్నాక వాడు కావాలనుకున్నాడు. ఆ రెండుసార్లు భుజం తట్టినప్పుడు లేచి ఇచ్చి ఉంటే ఆదివారమే అయిపోయేది. లోకంలో తండ్రులు పిల్లల నోటి కూడు లాక్కున్నారని విన్నాడు గానీ, ముక్కు దగ్గరి గాలి లాక్కున్నవాణ్ని చూడాలంటే అద్దం కావాలి.

పరీక్షలో దీపుకి కాస్త గాలి సరిపోతుందని తేలింది. సర్జన్ అవసరం లేదన్నారు. మెషీన్ వాడికే ఉంచారు. రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు చేతులు దించుకుని క్యాంటీన్‌లో సమోసాలు తిని వెళ్లారు. రేవతి ఆటోలో చెప్పిన క్షమాపణ వెనక్కి తీసుకుంది, వడ్డీతో సహా. సరళకుమారి వారం రోజులు లిఫ్టులో కనిపిస్తే పైకప్పు చూసింది. తర్వాత సదాశివరావుకీ పరీక్ష చేయించి, సొంత మెషీన్ కొనిపించింది. ఇప్పుడు దీపు రోజూ పడుకునే ముందు తన మాస్కు తగిలించుకుని, తండ్రి గదిలోకి తొంగిచూసి, "పాపా, ప్రెజెంట్?" అని అడుగుతాడు. ప్రెజెంట్ అనేదాకా కదలడు. బడి నుంచి కూడా ఫిర్యాదు మారింది. ఇదివరకు లెక్కల పీరియడ్‌లో నిద్రపోతున్నాడని, ఇప్పుడు పక్కవాణ్ని కూడా మాట్లాడిస్తున్నాడని.

మిగిలింది మొక్కు. గండం దీపుది కాదు కాబట్టి మొక్కు చెల్లదని సదాశివరావు నోట్ ఫైలు రాసినంత పకడ్బందీగా వాదించాడు. నాగమల్లేశ్వరి అంతా విని, "వాడు హాయిగా పడుకుంటున్నాడా, లేదా?" అని ఒక్కటే అడిగింది. ఎండాకాలం సెలవుల్లో ద్వారకాతిరుమల కల్యాణకట్టలో, క్షురకుడు ముచ్చటపడేంత జుట్టు నేల మీద పడింది.

సెలవు ముగిసి ఆఫీసుకొచ్చిన రోజు అతని బ్యాగులో ఒక కాగితం ఉంది. కనకయ్యకి ఇచ్చిన మెమో వెనక్కి తీసుకుంటున్నట్టు తనే రాసిన ఆర్డరు. గేటు దగ్గర కొత్తగా వచ్చిన సెక్యూరిటీ జవాను అతని గుర్తింపు కార్డు అందుకుని, ఫొటోలోని ఒత్తు క్రాఫు చూసి, నున్నటి గుండు చూసి, దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఒకరి కార్డుతో ఇంకొకరు లోపలికి వస్తున్నారట, ఎవర్నీ వదలొద్దని సెక్షన్ ఆఫీసర్ సదాశివరావుగారి కఠినమైన ఆర్డరు ఉందట.

అప్పుడే కనకయ్య వచ్చాడు. ఈయన మీకు తెలుసా అని జవాను అడిగాడు. కనకయ్య ఫొటో చూశాడు, గుండు చూశాడు, తీరిగ్గా చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ముఖం చూసి ఖాయంగా చెప్పలేను భయ్యా. మెమో పడుతుంది," అన్నాడు. "కాసేపు కుర్చీలో కూర్చోబెట్టండి. ఆయనే అయితే మనం వెళ్లేలోపే గురక పెడతారు."

కుర్చీ వేశారు. సదాశివరావు కళ్లు మూసుకుని చాలాసేపు ప్రయత్నించాడు గానీ, ఇన్నేళ్ల ఉద్యోగంలో మొదటిసారి ఆఫీసులో అతనికి నిద్ర పట్టలేదు.